అంబాసిడరు ఇంజను: కంప్రెషను పరీక్ష

ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి ననుసరించి నిర్మించి, 2014 వఱకు ఉత్పత్తి చేసిన అంబాసిడరు కారునకు చిరకాలము ప్రాణభూతమైన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనునందు, పిస్టను పైకెగయునపుడు జనించు పీడనమును గేజితో కొలిచి, ఇంజనును విప్పకయే దాని అంతఃస్థితిని గ్రహించు పరీక్ష యిది.

ఇంజను వేడెక్కిన పిదప స్పార్కు ప్లగ్గులన్నియు తీసి, ఇగ్నిషనును తొలగించి, యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి, స్టార్టరుతో ఒక్కొక్క సిలిండరును సమానముగా పరీక్షింపవలెను. యాక్సిలరేటరు త్రొక్కనిచో, బ్యాటరీ నీరసించినచో, నిర్దుష్టమైన ఇంజనునందును అంకెలు తగ్గియే కనిపించును.

అంకెల పరిమాణముకంటె వాని పరస్పర సామ్యమే ప్రధానము. ఉదాహరణకు చదరపు అంగుళమునకు 120, 118, 82, 116 పౌండ్లు వచ్చెననుకొందము: మూడవ సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మరల కొలువగా పీడనము హెచ్చినచో రింగులో, సిలిండరు గోడలో అరిగినవనియు, హెచ్చనిచో వాల్వు సరిగా మూసికొనుట లేదనియు ఊహింపవచ్చును. హెడ్డు విప్పుటకు త్వరపడు మెకానిక్కులు టాపెట్ల సందును ముందుగా సరిచూచుట మేలు. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లును కలసి తగ్గినచో హెడ్డు గ్యాస్కెటును, అంకె అతిగా పెరిగినచో పేరుకొనిన మసిని శంకింపవలెను.

అనకాపల్లి జిల్లాలో, సముద్రమునకు చేరువనున్న అచ్యుతాపురమువంటి చోట్ల చిరకాలము కదలక నిలిచిన కారులో, వాల్వు తెరచియున్న సిలిండరు తడిగాలికి త్రుప్పుపట్టవచ్చును. కావున తొలి కొలతతోనే తీర్పు చెప్పరాదు. అదే కారును సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులో పరీక్షించినచో, గాలి పలుచనగుటచే అంకెలన్నియు ఇంచుమించు పదవవంతు తగ్గును.