ఎముక వయసు నిర్ధారణ

అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టుకు ఎక్స్‌-రే తీస్తే అక్కడ ఖాళీయే కనిపిస్తుంది. ఉండాల్సిన ఎనిమిది చిన్న ఎముకలూ అప్పటికింకా మృదులాస్థిగానే ఉంటాయి. మొదటి రెండూ కొద్ది నెలల్లో తేలతాయి. బఠానీ గింజంత ఉండే చివరిది కనబడేసరికి పిల్లలు పదేళ్లకు అటూ ఇటూగా ఉంటారు. ఆ తర్వాత వేళ్ల ఎముకల్లోనూ, ముంజేతి ఎముకల చివరల్లోనూ ఉన్న, ఎముక పొడవు పెరిగే చోటులైన గ్రోత్‌ ప్లేట్లు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. ఈ క్రమం దాదాపు అందరిలోనూ ఒక్కటే, వేగమే వేరు. ఆ వేగాన్ని అంచనా కట్టడమే ఎముక వయసు నిర్ధారణ.

రాంట్‌జన్‌ 1895లో ఎక్స్‌-కిరణాలను కనుగొన్న మూడేళ్లకే లండన్‌ సర్జన్‌ జాన్‌ పోలండ్‌ పిల్లల చేతి ఎముకల అట్లాసు ప్రచురించాడు. మరో పదేళ్లకు బోస్టన్‌ శిశువైద్యుడు థామస్‌ మోర్గన్‌ రాచ్‌, ఏ బిడ్డను ఏ తరగతిలో వేయాలో, ఎవరిని పనిలో పెట్టుకోవచ్చో మణికట్టును చూసి తేల్చమన్నాడు. ఎదుగుదలను కొలిచే సాధనాన్ని పుట్టినతేదీ అడగడం అలా తొలినాళ్లలోనే మొదలైంది.

క్లీవ్‌లాండ్‌లో టి. వింగేట్‌ టాడ్‌ 1937లో తెచ్చిన అట్లాసు పునాదిగా గ్రూలిక్‌, పైల్‌ 1950లో తమది వెలువరించారు. 1959 నాటి దాని రెండో కూర్పు నేటికీ రేడియాలజిస్టుల బల్లల మీద ఉంది. ఎడమచేతి ఎక్స్‌-రేను పేజీల్లోని బొమ్మలతో పోల్చి, దగ్గరగా ఉన్నదాని వయసు రాస్తారు. ఇంత సులువు కాబట్టే నిలిచింది. అయితే ఆ బొమ్మల్లోని పిల్లలు 1930ల నాటి కలిగిన తెల్లజాతి ఇళ్లవారు. బ్రిటన్‌లో టానర్‌, వైట్‌హౌస్‌ ఒక్కో ఎముక దశకూ మార్కులేసి కూడే పద్ధతి రూపొందించారు (1962, 1975, 2001). సమయం ఎక్కువే పడుతుంది, కానీ కంటి ఉజ్జాయింపు తగ్గుతుంది.

వైద్యంలో దీని విలువ తిరుగులేనిది. పొట్టిగా ఉన్న బిడ్డ ఎముక వయసు వెనకబడి ఉంటే, ఎదిగే కాలం ఇంకా మిగిలి ఉందన్నమాట. థైరాయిడ్‌ లోపంలోనూ, గ్రోత్‌ హార్మోన్‌ లోపంలోనూ ఇలాగే వెనకబడుతుంది కాబట్టి కారణం విడిగా వెతకాలి. ముందుగా ఈడేరిన పిల్లల్లో ఇందుకు విరుద్ధం: ఇప్పుడు తోటివారికన్నా పొడుగు, కానీ ఎదుగుదల త్వరగా ఆగిపోతుంది.

వైద్యం బయట, వయసు తేల్చడానికీ దీన్ని వాడతారు. భారతీయుల ఎముకలపై గాల్‌స్టాన్‌ చేసిన అధ్యయనం 1937లోనే వచ్చింది. అండర్‌-16 క్రికెటర్ల వయసు తేల్చడానికి బీసీసీఐ టానర్‌-వైట్‌హౌస్‌ పద్ధతినే వాడుతోంది. కోర్టులు మరింత జాగ్రత్తపడ్డాయి. ఈ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులో గుర్తించింది. 2015 నాటి జువెనైల్‌ జస్టిస్‌ చట్టంలోని 94వ సెక్షన్‌ ప్రకారం వయసు తేల్చడానికి ముందు స్కూలు సర్టిఫికెట్టు లేదా మెట్రిక్యులేషన్‌ పత్రం, అది లేకుంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడాలి. అవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష.