విలాస ఫ్యాషన్‌లో లోగో

ఖరీదైన దుస్తులు, సంచులు, తోలు సరుకులు చేసే సంస్థలు తమ వస్తువు తమదేనని చెప్పుకోవడానికి వాడే అక్షరాలు, బొమ్మలు, గళ్ళు, అల్లికలు అన్నీ లోగో కిందికే వస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో పారిస్‌లో నకిలీల బెడద నుంచి కాపాడుకోవడానికి మొదలైన ఈ ముద్ర, వందేళ్ళు తిరిగేసరికి కొన్నవాడి హోదాను ఊరందరికీ చాటే గుర్తయింది. అయితే దీని చరిత్రలో పెద్ద దెబ్బలు కొట్టింది నకిలీదారులు కాదు. అడిగినవాడికల్లా సొంత పేరును అద్దెకిచ్చినప్పుడు, సోషల్ మీడియా వచ్చాక ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నామో చూసుకోనప్పుడు, సంస్థలు తమంతట తామే పరువు పోగొట్టుకున్నాయి.

పుట్టుక

1858లో పారిస్‌లో దుకాణం తెరిచిన ఆంగ్లేయుడు చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ తాను కుట్టిన గౌన్ల లోపల తన పేరు నేసిన పట్టీ వేయించేవాడు. చిత్రకారుడు బొమ్మ కింద సంతకం చేసే హక్కును ఒక దర్జీ తీసుకోవడం అప్పటికి కొత్త. కానీ ఆ పేరు లోపలే ఉండేది. వేసుకున్నవారికి, విప్పడంలో సాయపడిన దాసీకి తప్ప మరెవరి కంటా పడేది కాదు.

పేరు బయటికి రావడం పెట్టెలతో మొదలైంది. రైళ్ళు, ఆవిరి ఓడలు పెరుగుతున్న కాలంలో, 1854లో లూయీ విటాన్ పారిస్‌లో పెట్టెల దుకాణం పెట్టాడు. అంతవరకు ప్రయాణపు పెట్టెలకు గుండ్రటి మూతలుండేవి, ఒకదానిమీద ఒకటి నిలిచేవి కావు. విటాన్ మూతను బల్లపరుపు చేసి, పైన బూడిదరంగు కాన్వాసు తొడిగాడు. సరుకు అమ్ముడుపోయింది, వెంటనే కాపీలూ వచ్చాయి. కాపీదారులను తప్పించుకోవడానికి 1872లో చారల కాన్వాసు తెచ్చారు, దాన్నీ కాపీ కొట్టారు. 1888లో చదరంగపు గళ్ళ కాన్వాసు తెచ్చి, ఆ గళ్ళలోనే ఇది రిజిస్టరైన ట్రేడ్‌మార్కని ఫ్రెంచిలో రాయించారు. అదీ ఆగలేదు. తండ్రి 1892లో చనిపోయాక కొడుకు జార్జ్ 1896లో ఎల్, వి అక్షరాలను, నాలుగు రేకుల పూలను కలిపి మోనోగ్రామ్ గీయించాడు. చేతితో అనుకరించడానికి కష్టంగా ఉండాలనే ఆ చిక్కు కల్పించారు. నేడు ప్రపంచంలో అత్యధికంగా నకిలీ అయ్యే నమూనాల్లో అదొకటి. మన బజార్లలో ‘ఫస్ట్ కాపీ’ పేరుతో దొరికే సంచుల మీద తరచుగా కనిపించేదీ అదే.

ఈ కథలో 1959 గుర్తుంచుకోదగ్గ ఏడు. ఆ ఏడాది విటాన్ సంస్థ పూత పూసిన మెత్తటి కాన్వాసును సిద్ధం చేసింది. అంతదాకా గట్టి పెట్టెల మీద, అంటే కూలీల తలల మీద, ఓడల సరుకు గదుల్లో తిరిగిన అక్షరాలు ఆ తర్వాత ఆడవాళ్ళ భుజాలకు ఎక్కాయి. సామాను ఎవరిదో చెప్పే గుర్తు, మనిషి ఎవరో చెప్పే గుర్తుగా మారడానికి దారి వేసింది ఈ గుడ్డే. దుస్తుల మీద ఆ పని అంతకు ముందే జరిగింది. ఫ్రెంచి టెన్నిస్ ఆటగాడు రెనె లాకోస్త్ 1933లో మొదలుపెట్టిన చొక్కాల వ్యాపారం మొసలి బొమ్మను ఛాతీ మీద, అందరికీ కనిపించేలా కుట్టింది.

పేరు అద్దెకిచ్చిన కాలం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత క్రిస్టియన్ డియోర్ సంస్థ మేజోళ్ళకు, టైలకు తన పేరు వాడుకునే లైసెన్సులు ఇచ్చి ఆదాయం గడించింది. చేతితో కుట్టే ఖరీదైన గౌన్ల మీద లాభం తక్కువ. ఆ గౌన్ల వల్ల వచ్చిన పేరు మీద మాత్రం ఎంతైనా సంపాదించవచ్చు. ఈ లెక్కను చివరిదాకా తీసుకెళ్ళినవాడు పియర్ కార్డిన్. దుస్తుల రూపకల్పనలో అతను నిజంగా కొత్తదారి తొక్కినవాడు, అందులో సందేహం లేదు. కానీ 2020లో చనిపోయేనాటికి అతని పేరు మీద వందల లైసెన్సులు నడిచాయి. పెర్ఫ్యూములు, టైలు, గడియారాలు, వంటపాత్రల దాకా ఆ పేరు పాకింది. మన స్టేషనరీ దుకాణాల్లో పియర్ కార్డిన్ పెన్ను అడిగి కొనుక్కున్న తెలుగువారిలో చాలామందికి అది పారిస్ దర్జీ పేరని తెలియదు. డబ్బు పరంగా కార్డిన్ నష్టపోలేదు. పోయింది ఆ పేరు వినగానే కలగాల్సిన ఆశ.

అమెరికాలో దుస్తుల రూపకర్త హాల్‌స్టన్‌కు ఆ అదృష్టమూ దక్కలేదు. 1983లో మధ్యతరగతి దుకాణాల గొలుసు జేసీ పెన్నీ కోసం చవక దుస్తులు చేయడానికి ఒప్పుకోగానే, న్యూయార్క్‌లోని ఖరీదైన దుకాణం బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ అతని సరుకును తీసేసింది. చివరికి తన పేరు మీద తనకే హక్కు లేకుండా పోయింది.

1921లో ఫ్లోరెన్స్‌లో తోలు సరుకుల దుకాణంగా మొదలైన గుచ్చిలో ఈ జబ్బు ఇంట్లోనే పుట్టింది. స్థాపకుడు గుచ్చియో గుచ్చి పేరులోని రెండు ‘జి’ అక్షరాలను ఒకదానికొకటి ఎదురుగా పెట్టిన కాన్వాసు 1960ల నుంచి సంస్థకు గుర్తింపయింది. 1979లో మొదలుపెట్టిన యాక్సెసరీ విభాగం అదే కాన్వాసుతో చిన్నచిన్న సంచులు, సిగరెట్ లైటర్లు, పెన్నులు చేసి ఎన్నో దుకాణాలకు పంపింది. తోలుతో పోలిస్తే ఆ గుడ్డను నకలు చేయడం తేలిక, కాబట్టి అసలూ నకిలీ పక్కపక్కనే పెరిగాయి. 1980ల చివర స్థాపకుడి మనవడు మౌరిజియో గుచ్చి పిలుపు మీద న్యూయార్క్ నుంచి వచ్చిన డాన్ మెల్లో మొదట చేసిన పని కొత్తవి గీయించడం కాదు, పాతవి కొట్టేయడం. సుమారు 22,000 రకాల సరుకు 7,000కు తగ్గింది. వెయ్యికి పైగా ఉన్న అమ్మకపు కేంద్రాలు 180కి దిగాయి. ఆ చేదు మందు వల్లే 1994లో క్రియేటివ్ డైరెక్టరైన టామ్ ఫోర్డ్‌కు నిలబడే చోటు దొరికింది. పొగడ్తలన్నీ ఫోర్డ్‌కే పోవడం న్యాయం కాదు.

బర్బెరీ గళ్ళు

లోగో మితిమీరితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే బర్బెరీ చరిత్ర చూడాలి. 1856లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో థామస్ బర్బెరీ పెట్టిన ఈ సంస్థ వానకు తడవని గబర్డీన్ గుడ్డతో, మొదటి ప్రపంచ యుద్ధపు ట్రెంచ్ కోటుతో పేరు తెచ్చుకుంది. లేత గోధుమరంగు మీద నలుపు, తెలుపు, ఎరుపు గళ్ళ గుడ్డ 1920లలో ఆ కోటుకు అస్తరుగా వచ్చింది. కోటు తెరిచినప్పుడో, గాలికి అంచు ఎగిరినప్పుడో కనిపించేది. ఆ గళ్ళ అందం అలా దాగి ఉండడంలోనే ఉంది.

1997లో పగ్గాలు పట్టిన రోజ్ మేరీ బ్రావో ముసలితనం పట్టిన సంస్థకు ప్రాణం పోసింది. కేట్ మాస్ లాంటి మోడళ్ళతో ఫోటోలు తీయించింది, గళ్ళను బికినీ మీదికి, టోపీల మీదికి తెచ్చింది. అమ్మకాలు దూసుకుపోయాయి. అస్తరు బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి పంపడం ఎవరి తరమూ కాలేదు. 2002లో నటి డేనియెల్లా వెస్ట్‌బ్రూక్ తాను, పాప, పాప బండి అన్నీ అవే గళ్ళలో ఉన్న ఫోటో బ్రిటిష్ పత్రికల్లో వచ్చింది. ఫుట్‌బాల్ అల్లరి మూకల టోపీ అనే పేరుపడడంతో కొన్ని పబ్బులు ఆ టోపీ పెట్టుకున్నవారిని లోపలికి రానివ్వలేదు. 2004లో సంస్థ ఆ టోపీ తయారీ ఆపేసింది.

ఈ ఘట్టం గురించి రాసేవారు తరచు దాటవేసే విషయం ఒకటుంది. ఆనాటి ఎగతాళి గుడ్డ గురించి కాదు, ఆ గుడ్డ కొనుక్కున్న శ్రామిక కుటుంబాల పిల్లల గురించి. అవే గళ్ళు ధనవంతుల ఒంటిమీద ఉన్నన్నాళ్ళూ ఎవరూ నవ్వలేదు. సంస్థ చేసిన తప్పు తన వస్తువును ఎక్కడపడితే అక్కడ పెట్టడం. పత్రికలు చేసింది అంతకన్నా పెద్ద తప్పు.

2006లో ఏంజెలా ఆరెంట్స్ సంస్థ అధిపతిగా వచ్చేనాటికి ప్రపంచమంతటా 23 మంది లైసెన్సుదారులు ఎవరికి తోచింది వారు చేస్తున్నారు, కుక్కల తొడుగులు కూడా అందులో ఉన్నాయి. ఆమె లైసెన్సులను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుని, గళ్ళను కొద్దిపాటి సరుకుకే పరిమితం చేసి, ట్రెంచ్ కోటును మళ్ళీ మధ్యకు తెచ్చింది. పెద్దదైన జపాన్ లైసెన్సు 2015లో గానీ ముగియలేదు. పేరు అద్దెకివ్వడానికి ఒక సంతకం చాలు, తిరిగి తెచ్చుకోవడానికి దాదాపు పదేళ్ళు పట్టింది.

హార్లెమ్ దర్జీ

1982లో న్యూయార్క్ హార్లెమ్ పేటలో డేనియల్ డే, అందరికీ తెలిసిన పేరు డాపర్ డాన్, ఒక దుకాణం తెరిచాడు. తోలు మీద గుచ్చి, విటాన్, ఫెండి అక్షరాలను తానే అచ్చువేసి, ర్యాప్ గాయకులకు, బాక్సర్లకు జాకెట్లు కుట్టాడు. ఆ సంస్థలేవీ అలాంటి దుస్తులు అప్పటికి చేయడం లేదు. విటాన్ అయితే తొలి దుస్తుల శ్రేణిని 1998లో గానీ చూపలేదు. ఇది దొంగతనమే అన్నవారికి చట్టం అండగా నిలిచింది, దాడులూ కేసులూ పెరిగి 1992లో దుకాణం మూతపడింది. కానీ లోగోను వేసుకునే మనిషికి తగ్గట్టు పెద్దది చేసి, ఒంటినిండా పరచడం ఆ సంస్థలకు నేర్పింది అతనేనన్నది కాదనలేం. 2001లో స్టీఫెన్ స్ప్రౌస్ గోడరాతలు, 2003లో తకాషి మురకామి 33 రంగుల మోనోగ్రామ్, 2017లో వీధి దుస్తుల సంస్థ సుప్రీమ్‌తో కలిసి చేసిన సరుకు, ఇలా విటాన్ వేసిన అడుగుల్లో హార్లెమ్ జాడ ఉంది.

2017 మేలో గుచ్చి ఫ్లోరెన్స్‌లో చూపిన ఒక జాకెట్, ఒలింపిక్ పరుగుల వీరురాలు డయాన్ డిక్సన్ కోసం డాపర్ డాన్ 1989లో కుట్టినదాన్ని అచ్చంగా పోలి ఉంది. డిక్సన్ తన పాత ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఎవరు ఎవరిని కాపీ కొట్టారో లోకమంతా చూసింది. గుచ్చి డాపర్ డాన్‌తో ఒప్పందం చేసుకుంది, మరుసటి ఏడాది హార్లెమ్‌లో అతని కార్ఖానా మళ్ళీ తెరుచుకుంది.

సోషల్ మీడియా తప్పటడుగులు

పత్రికల కాలంలో ఒక ప్రకటన ఎవరికి చేరాలో సంస్థే నిర్ణయించేది. ఇన్‌స్టాగ్రామ్, చైనాలో వీబో వచ్చాక మిలాన్‌లో కొద్దిమంది ఒప్పుకున్న బొమ్మ అదే గంటలో షాంఘైకి, హార్లెమ్‌కి చేరుతోంది. తీసేసినా స్క్రీన్‌షాట్ మిగిలిపోతుంది. దూరం నుంచి కూడా గుర్తుపట్టేలా తీర్చిన లోగో, తప్పు ఎవరిదో కూడా అంతే త్వరగా పట్టిస్తుంది.

2018 నవంబరు 21న షాంఘైలో భారీ ప్రదర్శనకు సిద్ధమైన డోల్చే అండ్ గబ్బానా, దానికి ముందు మూడు చిన్న వీడియోలు విడుదల చేసింది. ఒక చైనా యువతి పిజ్జాను, స్పగెట్టిని, కనోలీ మిఠాయిని చాప్‌స్టిక్‌లతో తినడానికి తంటాలు పడుతుంటే, వెనక నుంచి మగ గొంతు పాఠం చెబుతుంది. కోట్లమంది రోజూ నేర్పుగా చేసే పనిని చేతకానితనంగా చూపడం చైనీయులకు అవమానంగా తోచింది. దానిమీద స్థాపకుల్లో ఒకరైన స్టెఫానో గబ్బానా ఖాతా నుంచి వెళ్ళిన, చైనాను దూషించే ప్రైవేటు సందేశాలను ‘డైట్ ప్రాడా’ అనే ఇన్‌స్టాగ్రామ్ ఖాతా బయటపెట్టింది. ఖాతా హ్యాక్ అయిందని సంస్థ చెప్పింది. చైనా నటి జాంగ్ జీయీతో సహా తారలు తప్పుకున్నారు, ప్రదర్శన కొన్ని గంటల ముందు రద్దయింది, ఆన్‌లైన్ దుకాణాలు సరుకును తీసేశాయి. రెండు రోజుల తర్వాత స్థాపకులిద్దరూ క్షమాపణ వీడియోలో చైనా భాషలో మన్నింపు కోరారు. తర్వాత వాళ్ళు డైట్ ప్రాడా మీద మిలాన్‌లో పరువునష్టం దావా వేశారన్న సంగతి 2021లో వెలుగులోకి వచ్చింది. క్షమాపణ తర్వాత వేసిన ఆ దావా క్షమాపణకు ఉన్న కాస్త విలువనూ తగ్గించిందనే చెప్పాలి.

ఆ శీతాకాలం నుంచి ఇలాంటి గొడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2018 డిసెంబరులో నల్లజాతివారిని వెక్కిరించే పాత బొమ్మలను పోలిన కీచెయిన్లను ప్రాడా వెనక్కి తీసుకుంది. 2019 ఫిబ్రవరిలో ముఖాన్ని సగం కప్పే నల్లటి స్వెట్టరుకు నోటి చుట్టూ ఎర్రటి పెదవులు కుట్టిన గుచ్చి అదే ఆరోపణ రావడంతో క్షమాపణ చెప్పింది. అదే నెలలో బర్బెరీ ఉరితాడు లాంటి తాళ్ళున్న హుడీని లండన్‌లో ప్రదర్శించింది. అదే ప్రదర్శనలో నడిచిన ఒక మోడల్ తాను ముందే చెప్పినా పట్టించుకోలేదని ఇన్‌స్టాగ్రామ్‌లో రాసింది. మేలో గుచ్చి తలపాగాను 790 డాలర్ల ఫ్యాషన్ వస్తువుగా అమ్మకానికి పెడితే, విశ్వాసానికి గుర్తుగా దాన్ని కట్టుకుని, అందుకే అమెరికా వీధుల్లో దాడులకు గురైన సిక్కులు బాధపడ్డారు. గుచ్చి స్వెట్టరు గొడవ సమయంలో సంస్థ అధిపతి మార్కో బిజ్జారిని హార్లెమ్‌కు రప్పించి మాట్లాడించింది డాపర్ డానే.

2022 నవంబరులో బాలెన్సియాగా ప్రకటనల్లో చిన్నపిల్లలు తోలుపట్టీలు బిగించిన ఎలుగుబొమ్మలు పట్టుకుని కనిపించారు. మరో ప్రకటనలో బల్ల మీది కాగితాల్లో, పిల్లల అశ్లీల చిత్రాల చట్టానికి సంబంధించిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పు పుట ఉంది. సంస్థ మొదట ఫోటోల ఏర్పాట్లు చూసిన కంపెనీ మీద 2.5 కోట్ల డాలర్లకు దావా వేసి, వారం తిరిగేసరికి వెనక్కి తీసుకుంది. అంగీకారం తెలిపింది తామేనని ఒప్పుకోక తప్పలేదు.

వెనక్కి తగ్గడం

ఈ గొడవల మధ్య కొన్ని సంస్థలు మౌనాన్నే ఎంచుకున్నాయి. బయట లోగో వేయకుండా తోలు అల్లికతోనే గుర్తుపట్టించే బొట్టెగా వెనెటా 2021 జనవరిలో తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతానే మూసేసింది. సంచి ధర పెరిగేకొద్దీ దానిమీది గుర్తు చిన్నదవుతుందని మార్కెటింగ్ పరిశోధకులు 2010లోనే చూపారు. 2018లో అలంకారం లేని అక్షరాలకు మారిన బర్బెరీ, 2023లో గుర్రం మీది వీరుడి పాత చిహ్నాన్ని తిరిగి తెచ్చుకుంది.

అయినా తప్పటడుగులు ఆగలేదు. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా పురుషుల ప్రదర్శనలో మోడళ్ళు కొల్హాపురీ చెప్పులను పోలినవి వేసుకుని నడిచారు. సంస్థ వాటిని తోలు చెప్పులు అని మాత్రమే చెప్పింది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఎనిమిది జిల్లాల చేతిపనివారికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన చెప్పులవి. తన త్రికోణపు ముద్రను అంత శ్రద్ధగా కాపాడుకునే సంస్థకు, పేరు ఎంత విలువైనదో ఒకరు చెప్పాల్సిన పని లేదు. భారతీయుల విమర్శ సోషల్ మీడియాలో చెలరేగాక, ఆ రూపానికి ప్రేరణ భారతీయ చేతిపని చెప్పులేనని ప్రాడా మహారాష్ట్ర వాణిజ్య మండలికి ఉత్తరం రాసింది. డిసెంబరులో రెండు రాష్ట్రాల ప్రభుత్వ తోలు పరిశ్రమల సంస్థలతో, అక్కడి పనివారి చేతనే చెప్పులు చేయించే ఒప్పందం మీద సంతకం చేసింది.