లెక్క చెప్పే సంఘం: మదనపల్లె, కుప్పం ప్రాంతంలో విద్యాలయం, ఊరు, విద్యార్థి ప్రాతినిధ్యం

సారాంశం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల నడుమ ఉన్న ప్రాంతంలో ఉన్నత విద్యాసంస్థలకూ చుట్టుపక్కల ఊళ్లకూ సంబంధం ఎవరి ద్వారా కుదురుతోంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. 1915–19 నాటి మదనపల్లెనూ, 1997 తర్వాతి కుప్పాన్నీ, ఈనాటి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టునూ పక్కపక్కన పెట్టి చూస్తే సేవా గంటలకు కొరత కనిపించదు. ఊరికి లెక్క చెప్పవలసిన విద్యార్థి ప్రతినిధి మాత్రం ఎక్కడా కనిపించడు.

1. సమస్య

బైరెడ్డిపల్లె చిత్తూరు జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మండల కేంద్రం. టమాటా, మల్బరీ, పాడి మీద బతికే ఇళ్లు ఈ చుట్టుపక్కల ఎక్కువ. ఇంటర్ దాటిన పిల్లలు పలమనేరుకో, కుప్పానికో, పుంగనూరు మీదుగా మదనపల్లెకో చదువుకు పోతారు. పొద్దున పాలకేంద్రంలో పాలు పోసి బస్సెక్కి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరే విద్యార్థికి కాలేజీకీ ఊరికీ మధ్య గోడ లేదు.

ఐరోపా విశ్వవిద్యాలయాల చరిత్ర ఇందుకు భిన్నం. 1355లో ఆక్స్‌ఫర్డ్‌లో ద్రాక్షసారా బాగాలేదన్న మాట మీద మొదలైన తగాదా పట్టణానికీ విద్యార్థులకూ మధ్య ప్రాణాలు తీసిన కొట్లాటగా మారింది. ఆ తప్పుకు పట్టణ పెద్దలు ఏటా ప్రాయశ్చిత్తం చేసుకునే ఆచారం కొన్ని శతాబ్దాలు నడిచింది. అక్కడ విద్యార్థి సంఘాలు ఊరితో పొత్తు కుదుర్చుకోవడమంటే పాత పగను చల్లార్చడం కూడా. మన దగ్గర పగ లేదు, ఉన్నది మరో చిక్కు. ఊరి బిడ్డే అయినా, కాలేజీ తరఫున ఊళ్లోకి వచ్చేసరికి విద్యార్థి కొత్తవాడైపోతున్నాడు. ఎందుకన్నదే ఇక్కడి ప్రశ్న.

2. మదనపల్లె: పెద్దల నీడలో

అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల స్థాపించారు. మరుసటి ఏడే ఆమె హోంరూల్ లీగ్ మొదలైంది. 1917లో మద్రాసు ప్రభుత్వం విద్యార్థులు రాజకీయ సభల్లో పాల్గొనకూడదని ఆంక్ష పెట్టింది. ఆ జూన్‌లో బిసెంట్‌ను నిర్బంధించింది, సెప్టెంబరులో వదిలింది. ఈ పెనుగులాటలోనే కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయంతో అనుబంధం తెగింది. అడయారులో వెలసిన జాతీయ విశ్వవిద్యాలయం దానికి ఆసరా అయింది. ఆ విశ్వవిద్యాలయానికి కులపతి రవీంద్రనాథ్ టాగూర్.

ఆ అనుబంధంతోనే టాగూర్ 1919 ఫిబ్రవరి చివర్లో మదనపల్లె వచ్చారు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాల్. బుధవారం రాత్రి భోజనాలయ్యాక విద్యార్థులూ అధ్యాపకులూ కూడి పాడుకునే అలవాటు అక్కడ ఉండేది. ఆ కూటమిలో టాగూర్ ‘జనగణమన’ పాడారు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసుకున్నారు. ఫిబ్రవరి 28న టాగూర్ ఆ గీతానికి తన ఇంగ్లిష్ అనువాదాన్ని సొంత దస్తూరీతో రాసిచ్చారు.

దీన్ని విద్యార్థి సంఘం సాధించిన విజయంగా చెప్పుకోవడం చరిత్రను సాగదీయడమే. ఉద్యమం నడిపినవారు పెద్దలు. విద్యార్థులు వెంట నడిచారు, మూల్యంలో వాటా పంచుకున్నారు. అయినా ఈ ఘట్టం ఒక సంగతి రుజువు చేస్తుంది. బయటి ప్రపంచపు గొడవ తమదని విద్యార్థులు అనుకున్నప్పుడు విద్యాలయం తన గుర్తింపునే పణంగా పెట్టవలసి వచ్చింది. పెద్దల పేరు మీద నిలిచిన సంబంధానికి ఆ పెద్దలు వెళ్లాక వారసులెవరన్న ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది.

3. వారసత్వం ఎవరిది?

ఆ ప్రశ్నకు ఇంచుమించు అదే కాలంలో అర్జెంటీనా విద్యార్థులు ఒక జవాబు చెప్పారు. 1918 జూన్‌లో కోర్డోబా విశ్వవిద్యాలయంలో సమ్మెకు దిగి, పాలక మండళ్లలో విద్యార్థులకు చోటు కావాలన్నారు. ఆ సంస్కరణోద్యమం లాటిన్ అమెరికా అంతటా పాకింది. విశ్వవిద్యాలయం తన చదువును సమాజంలోకి తీసుకుపోవడం దాని మౌలిక బాధ్యతల్లో ఒకటిగా స్థిరపడింది. పాలనలో చోటూ సమాజంతో పొత్తూ ఆ ఉద్యమంలో ఒకే కోరికకు రెండు కొసలు.

మన దగ్గర ఆ రెండు కొసలూ విడిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హింస కారణంగా 1980ల చివర్లో కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను అమలు చేయమని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 75 శాతం హాజరు, 5,000 రూపాయల ఖర్చు పరిమితి, ప్రధాన పదవికి ఒక్కసారే పోటీ వంటి నియమాలతో ఎన్నికలకు దారి వేసింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఎన్నికలు జరుగుతున్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మాత్రం క్లాస్ రిప్రజెంటేటివ్‌తో సరిపెట్టుకోవడమే రివాజు.

సేవ కొస మాత్రం పెరుగుతూ వచ్చింది. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో మొదలైంది. వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం చేయాలి. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఒక్కో సంస్థ కొన్ని గ్రామాలను ఎంచుకుంటుంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేసింది.

4. లాగ్‌బుక్ చివరికి ఎక్కడికి?

ఈ ప్రాజెక్టు నడకను దగ్గరగా చూడాలి. ముందు సామాజిక, ఆర్థిక సర్వే, ఆపైన అవగాహన కార్యక్రమం, ప్రధానాంశం మీద పని, చివర నివేదిక. విద్యార్థి ఇంటి అరుగు మీద కూర్చుని ప్రశ్నలు అడుగుతాడు: ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, తాగునీరు ఎక్కడిది, పట్టుగూళ్లకు ఏం ధర పలికింది. ఇల్లాలు చేటలో రాగులు చెరుగుతూనే జవాబులు చెబుతుంది. ఆ జవాబులు లాగ్‌బుక్‌లోకి, అక్కడి నుంచి నివేదికలోకి, నివేదిక మార్కుల్లోకి పోతాయి. మరుసటి ఏడు మరో విద్యార్థి అదే అరుగు మీదికి అవే ప్రశ్నలతో వస్తాడు. పోయినేడు చెప్పింది ఏమైందని ఆమె అడిగితే చెప్పవలసిన వాడెవడు? విద్యార్థి సెమిస్టర్ దాటిపోయాడు. అధ్యాపకుడు పై అధికారులకు జవాబుదారీ. ఊరికి జవాబుదారీ అయిన పదవి కళాశాల నిర్మాణంలో లేదు.

లోపం విద్యార్థుల చిత్తశుద్ధిలో లేదు. నివేదిక పైకే ప్రయాణించేలా ఏర్పాటు చేశారు, వెనక్కి తిరిగివచ్చే దారి వేయలేదు.

5. కుప్పం: మూడు భాషల ముంగిట

ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో కుప్పంలో వెలసింది. ఆంధ్రప్రదేశ్ స్థాపించగా తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు చేయి కలిపాయి. బజారులో ఒకే బేరం తెలుగులో మొదలై తమిళంలోనో కన్నడంలోనో ముగిసే పట్టణం కుప్పం. ఇక్కడ ఊరే విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథం. జానపద అధ్యయనానికి ఈ ప్రాంతంలో దొరికే సరుకు తక్కువేమీ కాదు. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర రోజుల తరబడి సాగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజు నేల మీద మట్టితో తీర్చిన దుర్యోధనుడి భారీ బొమ్మ దగ్గర వధ ఘట్టం ఆడతారు.

పరిశోధక విద్యార్థి ఆ ఆటను రికార్డు చేస్తాడు. సిద్ధాంత గ్రంథం వస్తుంది, పట్టా వస్తుంది. ఆ రికార్డింగు ప్రతి ఆడిన బృందానికి చేరాలన్న నియమం ఎవరు పెట్టాలి? ఉత్తర్వుతో చేయిస్తే అది మరో ఫైలు అవుతుంది. సాటి విద్యార్థుల చేత అడిగించగలిగేది విద్యార్థి సంఘమే.

6. ప్రతిపాదన

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, లింగ్డో నియమాల మేరకు ఎన్నికైన సంఘంలో ఊరి వ్యవహారాలకు ఒక కార్యదర్శి ఉండాలి. ఇంటి నుంచి వచ్చిపోయే విద్యార్థే ఆ పదవికి సహజంగా సరిపోతాడు. రెండు, సర్వే నివేదికల నకలు ఆ ఊరి సచివాలయంలో ఉండాలి. ఏడు మారినప్పుడు పాత కార్యదర్శి కొత్తవారికి వాటిని అప్పగించాలి. అప్పుడు రెండో సర్వే మొదటిదాని మీద నిలబడుతుంది. మూడు, ఏడాదికోసారి గ్రామసభలో ఆ కార్యదర్శి నిలబడి అడిగిందేమిటి, చేసిందేమిటి, చేయలేకపోయిందేమిటి చెప్పాలి.

ఎన్నికలతో పాత హింస తిరిగి వస్తుందన్న భయం నిరాధారం కాదు. సంఘానికి క్యాంపస్‌లో బలప్రదర్శన తప్ప వేరే పని లేనప్పుడు ఆ ముప్పు పెరుగుతుంది. గ్రామసభలో లెక్క చెప్పవలసిన పదవికి పోటీచేసేవాడు కనీసం ఊరివాళ్ల మొహం చూడగలిగేవాడై ఉండాలి.

చందాలు వేసుకుని భారతం ఆడించే ఊళ్లకు ఈ పద్ధతి కొత్తగా నేర్పనక్కరలేదు. చందా ఇచ్చినవాడు ఉత్సవం ముగిశాక లెక్క అడుగుతాడు, ఆడించినవాడు చెబుతాడు. అరుగు మీద కూర్చోబెట్టి జవాబులిచ్చిన ఇల్లాలు కూడా ఈ చదువుకు చందా ఇచ్చినట్టే.