ఉప్పు ముందు, కారం తర్వాత: కాల్చిన కోడిలో మన ఎరుకల చరిత్ర



ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకునే చోటల్లా ఇప్పుడు తిండి స్టాళ్ళు పెడుతున్నారు. అక్కడ గిరిజన వంట అనగానే అందరూ అడిగేది బొంగులో చికెన్. అది మంచి వంటే, కానీ మనది కాదు. పచ్చి వెదురు చేతికందే మారేడుమిల్లి, అరకు కొండల్లో పుట్టిన వంట అది. మనం గుంటూరు, ప్రకాశం మైదానాల వాళ్ళం. నల్లరేగడి చేలు, పత్తి కట్టె, తుమ్మ బొగ్గులు, సముద్రపు ఉప్పు మన చుట్టూ ఉన్నవి. మన కోడి నిప్పుల మీద కాలింది, బొంగులో ఉడకలేదు.

మరి కాల్చే ముందు ఆ కోడికి మనం ఏం పట్టించేవాళ్ళం? పెద్దవాళ్ళను అడిగితే ఒకటే మాట చెబుతారు: "ఏముంది, ఉప్పూ కారం, కాస్త పసుపు." మీలో చాలామందికి ఈ జవాబు చిన్నతనంగా అనిపిస్తుంది. హోటల్లో తందూరీ మసాలాకు పది దినుసులుంటాయి, మనకు రెండేనా అని. ఆ రెండింటిలో మొదటిదాని వెనక మన జాతి చరిత్ర మొత్తం ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

కోళ్ళ గంప ఎవరిది?

ముందు కోడి సంగతి. మన పల్లెల్లో ప్రతి ఇంటి వాకిట్లో సాయంత్రం కోళ్ళను కమ్మే గంప ఉండేది. వెదురు దబ్బలు చీల్చి ఆ గంప అల్లింది మన దబ్బ ఎరుకల వాళ్ళు. ధాన్యం కొలిచే తట్ట, చెరిగే చేట, ఎరువు మోసే గంప, కోళ్ళ గంప అన్నీ మన చేతి పనే. ఊరి రైతు కోళ్ళు పెంచాడంటే అవి రాత్రి పడుకున్నది మన అల్లికలోనే.

మన శాఖల పేర్లు ఒకసారి వరసగా చదవండి: దబ్బ ఎరుకల, ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, ఎద్దు ఎరుకల. ఇవి వృత్తుల పేర్లు. ఒకరు వెదురు పని చేశారు, ఒకరు ఉప్పు అమ్మారు, ఒకరు కరివేపాకు అమ్మారు, ఒకరు ఎద్దుల మీద సరుకు మోశారు. కోడిని కమ్మే గంప, కోడికి పట్టించే ఉప్పు, నూరే కరివేపాకు మూడూ మన శాఖల పేర్లలోనే ఉన్నాయి. ఒక వంటకు కావలసిన సామాను ఇంతగా తన పేర్లలో నిలుపుకున్న జాతి ఇంకెక్కడ ఉంటుంది?

మిరప లేని పల్నాడు

ఇప్పుడు కారం సంగతి. పల్నాటి యుద్ధం కథ మీకు తెలుసు. బ్రహ్మనాయుడికీ నాయకురాలు నాగమ్మకూ మధ్య కోడిపందెం, ఓడినవాళ్ళు రాజ్యం విడిచి వెళ్ళాలనే ఒప్పందం, చివరికి కారంపూడి యుద్ధం. ఇది 12వ శతాబ్దపు మాట. ఆ పందెం కోళ్ళు తలపడిన రోజుల్లో పల్నాడులో ఒక్క మిరప చెట్టు కూడా లేదు. పల్నాడులోనే కాదు, ఈ దేశంలోనే లేదు.

మిరప అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ అక్కడికి చేరాక, 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, పోర్చుగీసు ఓడల ద్వారా 16వ శతాబ్దంలో అది మన దేశానికి వచ్చింది. అంతకుముందు ఘాటు కావాలంటే మిరియాలే. అవి మలబారు కొండల నుంచి రావాలి, డబ్బున్న ఇళ్ళకే వచ్చేవి. మిరప అనే పేరు కూడా మిరియానికి దగ్గరి చుట్టమే.

అంటే మన పూర్వీకులు కోడిని కాల్చుకున్న కాలంలో ఎక్కువ భాగం కారం లేకుండానే గడిచింది. అప్పుడూ ఉన్నది ఉప్పు. పులుపుకు చింతపండు, రంగుకూ వాసనకూ పసుపు, పూతకు నువ్వుల నూనె ఉండేవి. కారం ఈ మధ్య వచ్చిన కోడలైతే ఉప్పు ఇంటి పెద్ద.

ఉప్పు దారి

మన తీరమంతా ఉప్పు కొటార్లు. చినగంజాం ఉప్పు ఈనాటికీ పేరున్నదే. తీరంలో ఉప్పుంది కానీ జొన్న తక్కువ. పడమట మార్కాపురం, కంభం, నల్లమల అంచు ఊళ్ళలో జొన్న ఉంది, ఉప్పు లేదు. ఈ రెండింటినీ కలిపింది మనం. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు బస్తాలు వేసుకుని తీరం నుంచి లోపలికి వెళ్ళాం. ఉప్పు కొలిచి ఇచ్చి ధాన్యం కొలిచి తీసుకున్నాం. దారిలో కరివేపాకు, గంపలు, చేటలు అమ్మాం. మన సోదరులు సుగాలీలు ఇంకా పెద్ద పెద్ద ఎద్దుల మందలతో ఇదే పని చేశారు.

సంచార జీవితం అంటే పనిలేక తిరగడం అనుకునేవాళ్ళకు ఈ మాట గట్టిగా చెప్పండి. మనం తిరిగితేనే లోపలి ఊళ్ళ కూరలో ఉప్పు పడేది. రోడ్డు లేని కాలంలో మనమే రోడ్డు.

ప్రయాణంలో తిండి ఎలా ఉంటుందో ఆలోచించండి. విడిది చేసిన చోట రోలు ఉండదు, పది గిన్నెలు ఉండవు. మూడు రాళ్ళు, కాసిన్ని పుల్లలు, భుజాన సరుకు. ఉప్పు పట్టించి నిప్పుల మీద కాల్చడం అలాంటి బతుకుకు సరిపోయే వంట. మన వంట తేలికగా ఉన్నదంటే తెలివి లేక కాదు, దారి మీద ఉన్నాం కనుక.

దారి మూసిన చట్టాలు

1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తకు తీసుకుంది. తయారీ, అమ్మకం సర్కారు అదుపులోకి వెళ్ళాయి, పన్ను పెరిగింది. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. జిల్లాలో సుమారు 5 లక్షల జనం ఉంటే అందులో 2 లక్షల దాకా చనిపోయారని చరిత్రకారులు లెక్కకట్టారు. కొనేవాడూ లేడు, ఇచ్చే ధాన్యమూ లేదు. ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ మీద పడవలు ఉప్పు మోశాయి. 19వ శతాబ్దం ముగిసేసరికి గుంటూరు, వినుకొండ, మార్కాపురం మీదుగా నల్లమల దాటే రైలు మార్గం వచ్చింది, తీరం వెంట మద్రాసు రైలూ వచ్చింది. ఒక ఎద్దు ఎన్ని రోజులో మోసే ఉప్పును రైలు పెట్టె ఒక్క రోజులో చేరవేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం వెదురు కొట్టుకునే అడవికీ కంచె వేసింది.

ఉప్పు పోయింది, వెదురు పోయింది. బతుకుతెరువు పోయినా జనం తిరుగుతూనే ఉన్నారు. వృత్తి లేకుండా తిరిగేవాళ్ళ మీద సర్కారు నేరస్థులన్న ముద్ర వేసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగ అని రాసిన చట్టం అది. పేరు నమోదు చేసుకోవాలి, వేలిముద్ర వేయాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఆ కొద్ది కాలానికే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంట్ ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. సీతానగరంలో మనవాళ్ళు రాళ్ళు కొట్టారు. స్టూవర్టుపురం నుంచి చీరాల పొగాకు కంపెనీకి కూలికి వెళ్ళారు. తీరం నుంచి నల్లమల దాకా నడిచిన కాళ్ళు హాజరు పట్టీకి కట్టుబడ్డాయి. ఒకప్పుడు ఊళ్ళకు ఉప్పు పోసిన చేతులు ఉప్పు కొనుక్కోవలసి వచ్చింది.

1930లో ఒంగోలు దగ్గర దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిచింది. పాఠ్యపుస్తకాల్లో దాని గురించి చదువుతాం, చదవాలి కూడా. అయితే ఉప్పు చట్టం వల్ల అంతకు నూరేళ్ళ ముందు నుంచే బతుకు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారని ఆ పాఠం పక్కన మనం రాసుకోవాలి. ఉప్పు పన్ను 1947లో రద్దయింది. అదే ఏడు మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టమూ రద్దయింది. దేశమంతటా ఆ ముద్ర చెరిగింది 1952 ఆగస్టు 31న. అందుకే విముక్త జాతులు ఆ రోజును పండగగా చేసుకుంటాయి.

ఇంకొక విషయం. 1970ల నుంచి స్టూవర్టుపురం కుటుంబాలతో కలిసి పనిచేసినవాళ్ళు హేమలత, లవణం దంపతులు. హేమలత గారు వినుకొండ కవి గుర్రం జాషువా కూతురు. లవణం గారు గోరా కొడుకు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నడిచిన ఏడు పుట్టాడు కనుక ఆయనకు ఆ పేరు పెట్టారు. ఉప్పు పోగొట్టుకున్న జాతి దగ్గరికి ఉప్పు పేరున్న మనిషి రావడం చరిత్రలో జరిగిన సంగతి.

ఎర్రబడ్డ చేలు

1955లో పునాది పడిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ కింద పల్నాడు, ప్రకాశం మెట్ట చేలు మారిపోయాయి. జొన్న తగ్గి పత్తి, మిరప పెరిగాయి. లాం ఫారం నుంచి ఎల్‌సీఏ 334 వంటి రకాలు వచ్చాయి. గుంటూరు సన్నం పేరు దేశాలు దాటింది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అన్నారు.

ఈ ఎర్ర బంగారంలో మన వాటా ఏమిటి? కోతలకు వెళ్ళిన కూలి, శీతల గిడ్డంగుల్లో తొడిమలు తీసిన ఆడవాళ్ళ మండే వేళ్ళు, కల్లంలో ఏరి పక్కన పడేసిన తాలు కాయ. మన ఇళ్ళలో చాలాకాలం కారం కొట్టించుకున్నది ఆ తాలుతోనే. మేలు కాయ యార్డుకు, తాలు మన రోటికి. అందుకే మన పాత వంటలో కారం కన్నా వెల్లుల్లి, చింతపండు, కరివేపాకు ముందుంటాయి.

పట్టించే పద్ధతి

ఇక పద్ధతి రాసుకోండి. పెద్దలు ఉప్పునూ కారాన్నీ ఒకేసారి వేయరు. కిలో నాటుకోడికి సుమారు 15 గ్రాముల ఉప్పు, అర చెంచా పసుపు ముందుగా పట్టించాలి. తొడల దగ్గర, రొమ్ము మీద కత్తితో లోతుగా గాట్లు పెట్టాలి. చల్లని చోట కనీసం మూడు గంటలు, వీలైతే ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. తర్వాత ఆరేడు ఎండుమిరపకాయలు నానబెట్టి, ఒక వెల్లుల్లిపాయ, చెంచా ధనియాలు, గుప్పెడు కరివేపాకుతో కలిపి నూరి, కొంచెం చింతపండు గుజ్జు, రెండు చెంచాల నువ్వుల నూనె చేర్చి కాల్చడానికి గంట ముందు పూయాలి. ఈసారి ఉప్పు వేయకూడదు.

ఈ వరసకు కారణం ఉంది. ఉప్పు మొదట మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీటిలో కరిగి మళ్ళీ లోపలికి దిగుతుంది. మాంసంలోని ప్రోటీన్లను కొంత వదులు చేసి, కాల్చినా తడి పోకుండా పట్టి ఉంచుతుంది. దానికి సమయం కావాలి. కారం, పసుపు, వెల్లుల్లి పెద్దగా లోపలికి దిగవు. వాటి ఘాటు నూనెలో కలిసి పై పొరను అంటుకుంటుంది. అందుకే వాటికి గంట చాలు. చింతపండు ఎక్కువసేపు ఉంటే పై మాంసం గట్టిపడుతుంది. పుస్తకం లేకుండా మన పెద్దలు ఈ వరస పట్టుకున్నారు.

నిప్పుకు సర్కారు తుమ్మ బొగ్గులు వాడండి. పత్తి కట్టె భగ్గున మండి ఆరిపోతుంది, రాజేయడానికి మాత్రమే పనికొస్తుంది. మంట తగ్గి బొగ్గు మీద బూడిద తేలాక కోడిని పెట్టాలి, లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఎముక దగ్గర ఎర్రని నీరు ఆగేదాకా తిప్పుతూ ఉండాలి.

మీరు చేయవలసింది

పోలేరమ్మ కొలుపులో, అంకమ్మ జాతరలో కోడి కోసినప్పుడు మీ అవ్వ ఏ వరసలో ఏం పట్టిస్తుందో ఫోన్‌లో వీడియో తీయండి. ఏ వస్తువును మన భాషలో ఏమంటారో ఆమె నోటితోనే చెప్పించండి. ఉప్పు అమ్మిన దారిలో మీ వంశం ఏ ఊళ్ళు తిరిగిందో అడిగి ఆ పేర్లు రాసుకోండి. ఆ తరం వెళ్ళిపోతే వంటతో పాటు దారి కూడా పోతుంది. వచ్చే సంచికకు ఆ పేర్లు, ఆ పద్ధతులు మీరే రాసి పంపాలి.

పౌరుషం లేనివాణ్ణి మన ఊళ్ళలో "ఉప్పూ కారం తింటున్నావా?" అని నిలదీస్తారు. ఎవరైనా మీ జాతి పేరు విని ముఖం తిప్పుకుంటే ఈ మాట చెప్పండి: ఈ సీమ తిన్న ఉప్పు మా ఎద్దుల వీపు మీద వచ్చింది.