పొట్టి కామ పార

వానలు మొదలైతే మా పెరట్లో మేం వేసినవాటికంటే వేయనివే ఎక్కువ మొలుస్తాయి. తుంగ, గరిక, గలిజేరు, గోడ వార వయ్యారిభామ. ఏటా పీట వేసుకుని కూర్చుని, చిన్న పారతో చెక్కేదాన్ని. ఈ ఏడు మోకాళ్లు ఒప్పుకోలేదు. పొడుగు కర్ర ఉన్న కలుపు పార ఒకటి తెప్పించుకున్నాను. నిలబడి లాగితే చాలు, గడ్డి వేరు దగ్గర తెగి పక్కకు వస్తుంది. గంట పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది, నడుం నొప్పి లేదు.

అత్తయ్యకు మాత్రం నచ్చలేదు. "నుంచుని తీస్తే వేరు ఎక్కడొస్తుందే? వంగి తీసిందే కలుపు" అన్నారు. ఆవిడ చిన్నప్పటి నుంచి చేలో వంగి తీసినావిడ, కాబట్టి ఎదురు చెప్పలేదు. తుంగ విషయంలో ఆవిడ మాట నిజం కూడా. దాని గడ్డలు లోపలే ఉండిపోతాయి, నాలుగో రోజుకి మళ్లీ వస్తుంది.

ఈ గొడవంతా ఫోన్లో మా చెల్లెలికి చెప్పాను. అది శాన్ హోసేలో ఉంటుంది. "అక్కా, మా దగ్గర దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు తెలుసా?" అంది. ముందు వేళాకోళం అనుకున్నాను. తర్వాత కూర్చుని చదివితే నిజమే.

శాన్ హోసే నుంచి మాంటెరే సముద్రం వైపు వెళ్లే దారిలో సలీనాస్ లోయ వస్తుందట. కనుచూపు మేర లెట్యూస్ తోటలు. విత్తనం ఒత్తుగా చల్లి, మొలిచాక మధ్యలో మొక్కలు తీసేసి పలచన చేయాలి, కలుపూ తీయాలి. ఈ రెండు పనులకీ దశాబ్దాల పాటు కూలీల చేతికి ఇచ్చింది ఒక చిన్న పార. దాని కామ అడుగు పొడవు ఉంటుంది, అంతే. అంత పొట్టిదానితో నేలను తాకాలంటే నడుం దగ్గర రెండుగా మడత పడాల్సిందే. అలా పొద్దుట నుంచి సాయంత్రం దాకా, సాలు వెంట సాలు. కూలీల్లో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, ఆ మూలాలున్నవాళ్లు. వాళ్ల స్పానిష్‌లో దాన్ని 'ఎల్ కోర్టీటో' అనేవారు. మన మాటలో చెప్పాలంటే 'పొట్టిది'. రైతు కూలీల నాయకుడిగా పేరు పొందిన సీజర్ చావెజ్ కూడా కుర్రతనంలో ఆ పార పట్టినవాడే. జీవితమంతా ఆయన్ని నడుం నొప్పి వదల్లేదు.

మరి పొడుగు కామ ఎందుకు వేయలేదు? కర్ర ఖరీదు ఎంతని! తోటల యజమానులు చెప్పిన కారణం, దూరం నుంచి కొడితే గురి తప్పుతుంది, మంచి మొక్క పోతుంది అని. మా అత్తయ్య మాటే కాస్త మార్చి అన్నారన్నమాట. కానీ కూలీలు చెప్పిన కారణం ఇంకొకటి ఉంది. అది చదివినప్పుడు కాసేపు పక్కన పెట్టేశాను. అందరూ వంగి ఉన్న పొలంలో ఎవరైనా నడుం ఎత్తి నిలబడితే మేస్త్రీకి ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. నిలబడ్డారంటే పని ఆపారని లెక్క. పొడుగు కర్ర ఇస్తే అందరూ నిలబడే ఉంటారు, ఎవరు పని చేస్తున్నారో ఎవరు ఆగారో ఒక్క చూపులో తెలీదు.

మారిస్ జోర్డేన్ అనే లాయరు పేద కూలీలకు ఉచితంగా న్యాయసహాయం చేసే సంస్థలో ఉండేవాడు. పొలానికి వెళ్లి ఆ పార తనూ పట్టి చూశాడు. 1972లో కూలీల తరఫున రాష్ట్ర పారిశ్రామిక భద్రతా శాఖకు అర్జీ పెట్టించాడు. ఏళ్ల తరబడి అలా వంగితే వెన్నుపూస దెబ్బతింటుందని డాక్టర్లు సాక్ష్యం చెప్పారు. ప్రమాదకరమైన చేతి పనిముట్లు వాడకూడదన్న నియమం అప్పటికే ఉంది. అయినా 1973లో శాఖ కాదు పొమ్మంది. పనిముట్టు విరిగినదో వదులైనదో అయితేనే ప్రమాదకరం, ఈ పార శుభ్రంగా ఉంది కదా అని వాళ్ల వాదన. అవును, పార బాగానే ఉంది. పాడైంది పట్టుకున్న మనిషి నడుం!

కేసు కాలిఫోర్నియా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1975 జనవరిలో తీర్పు వచ్చింది. పనిముట్టులో లోపం లేకపోయినా, దాన్ని వాడే తీరు వల్ల హాని జరిగితే అదీ ప్రమాదకరమైనదే, శాఖ నియమాన్ని మరీ ఇరుకుగా చదివింది అని కోర్టు చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పొట్టి పార వాడకాన్ని నిషేధించారు. లెట్యూస్ పంట ఆగిపోలేదు, పొడుగు పారలతో అదే పని జరిగింది.

కథ అక్కడ అయిపోతే బాగుండేది. నిషేధం పార మీదే కదా! కొన్ని తోటల్లో పార తీసేసి, ఉత్త చేతుల్తో పీకమన్నారు. మళ్లీ అదే వంగడం. దాని మీద ఆంక్షలు పెట్టడానికి 2004 దాకా పట్టింది. అప్పుడు కూడా సేంద్రియ పంటలకు మినహాయింపు ఇచ్చారు. మందు కొట్టని ఆకుకూర ఒంటికి మంచిదని మనం వెతికి కొంటాం. ఆ గడ్డి ఎవరు, ఎలా తీస్తున్నారో ఎప్పుడైనా అడిగామా?

ఇప్పుడా ఒకప్పటి పార వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియం సేకరణలో ఉంది. మన దగ్గర అలాంటివాటిని మ్యూజియంలో చూడక్కర్లేదు, ఏ చేలోనైనా కనిపిస్తాయి. మా పుట్టింటి వైపు శ్రీవరిసాగు వచ్చిన కొత్తలో, సాళ్ల మధ్య నిలబడి తోసే వీడర్లు వచ్చాయి. ఆడవాళ్ల నడుములకు విశ్రాంతి అనుకున్నాం. తీరా చూస్తే యంత్రం మగవాళ్ల చేతికి వెళ్లింది, మిగిలిన చేలల్లో వంగే పని ఆడవాళ్లకే ఉండిపోయింది.

ఇదంతా చదివి మావారికి ఆవేశంగా చెబుతున్నాను. వెనకాల హాల్లో తడిగుడ్డతో గచ్చు తుడుస్తున్న చప్పుడు వినిపించింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ నాకంటే ఆరేళ్లు పెద్దది. పోయిన సంక్రాంతికి అడిగింది, "అమ్మా, కర్ర ఉన్న మాప్ కొనండమ్మా, నడుం పట్టేస్తోంది" అని. "దాంతో మూలలు శుభ్రం కావు కదా" అన్నాను. అన్నది నేనే. ఆవిడ మళ్లీ అడగలేదు.

నాకు పార తెప్పించుకోవడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

మొన్న ఆదివారం మాప్ కొన్నాను. మొదటి రోజు ఆవిడ తుడిచి వెళ్లాక, అలవాటు కొద్దీ టీవీ బల్ల వెనక మూల చూశాను. కాస్త దుమ్ము ఉంది. దాన్ని నేనే తుడిచాను. చీపురు ఇంకా పాతదే, పొట్టిది.