మాటకు వెరచిన రాజ్యము

ఉప్పలు, నాచారము నేడు హైదరాబాదు నగరములో కలిసిపోయినవి. నిజాము కాలమున అవి ఊరికి తూర్పుదిక్కున నుండిన పల్లెలు. ఉప్పలు మీదుగా పోవు బాట భువనగిరికి, ఓరుగల్లునకు చేరును. నగరమున పుట్టిన రాజకీయప్రసంగము అట్టి పల్లెబాటలను ఎట్లు పట్టినదో, దానికి రాజ్యమేల వెరచినదో నేడు కొంత ముచ్చటింతము.

అమెరికా స్వాతంత్ర్యమును గూర్చి చదువునపుడు 1776 జనవరిలో థామస్ పెయిన్ పేరు లేకుండ ప్రకటించిన 'కామన్ సెన్స్' అను చిన్నపుస్తకము మనకు జ్ఞప్తికి వచ్చును. రాజుతో తెగతెంపులు చేసికొమ్మని అతడు సామాన్యునికి తెలియు మాటలలో వాదించెను. అక్కడ వ్రాసినవానికిని చదివినవారికిని భాష యొక్కటే. హైదరాబాదు సంస్థానమున ఆ భాగ్యము లేదు. ప్రజలలో ఇంచుమించు సగము తెలుగువారు. కచేరీలలో నడచినది ఉర్దూ.

1921 నవంబరులో నగరమున వివేకవర్ధని థియేటరులో కర్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కారసభ జరిగెను. ఆలంపల్లి వేంకటరామారావను న్యాయవాది తెలుగున మాటాడ నారంభింపగా సభికులు గేలిచేసి సాగనీయరైరి. గేలిచేసినవారు నిజాము పోలీసులు కారు, సంస్కారము కోరి వచ్చినవారే! ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట చేరి ఆంధ్రజనసంఘమును నెలకొల్పిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావుగార్లు అందలివారే.

సభ జరుపుటకు ముందుగా సర్కారు అనుమతి కావలెనను 'గస్తీ నిషాన్ 53' అడ్డు నిలిచెను. ఆ కట్టుబాటులోనే 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ నడచెను. అంతకుముందే, 1926లో, వారానికి రెండుమార్లు వెలువడు గోలకొండపత్రికను ఆయన చేపట్టిరి. తెలంగాణమున కవులు లేరను మాటకు బదులుగా 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను కూర్చిరి. కోపపుమాట లేకుండ సాక్ష్యమును ముందుంచి గెలిచిన వాదము అది. ఆయన రచనలలో మాకు మిక్కిలి యిష్టమైన జవాబు అదియే. 1944లో ఉప్పలు బాటనున్న భువనగిరిలో పదునొకండవ మహాసభ కూడునప్పటికి గ్రంథాలయములను దాటి వెట్టి, భూమి ముఖ్యవిషయములైనవి. సభ రెండుగా చీలెను.

అయినను తెలుగుమాట ఎంత బలపడినను నగరములోని ముస్లిము పాఠకులకు అందునది కాదు. వారితో వారి భాషలోనే వాదింపవలెను. ఆ పనికి పూనుకొన్నవాడు షోయబుల్లాఖాన్. 1947లో ఆయన నడప నారంభించిన 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక, సంస్థానము భారతయూనియనులో చేరవలెనని తనవారికే నచ్చజెప్పజూచెను. పరాయివానిని ఖండించుట సులభము. తనవారిని కాదని తనవారి నడుమనే నివసించుట వేరు. పెయిన్ మొదట పేరు దాచుకొనెను. షోయబుల్లా దాచుకొనలేదు.

1948 ఆగస్టు 21 రాత్రి, పత్రిక పని ముగించుకొని యింటికి మరలుచున్న ఆయనను కాచిగూడ ప్రాంతమున రజాకార్లు కాల్చి, చేయి నరికిరి. తెల్లవారుసరికి ఆయన మరణించెను. ముప్పదియేండ్లు నిండలేదు.

తరువాత ఇరువదియారవ దినమున, సెప్టెంబరు 17 సాయంకాలము, నిజాము తన ప్రజల నుద్దేశించి హైదరాబాదు రేడియోలో మాటాడెను.