సూదిమొన చెప్పిన పాఠము



నా పూర్వశిష్యురాలొకతె ఒక వైద్యశాలలో నర్సు. రోగికి సూదిమందు వేసి, ఆ సూదికి మరల మూత తొడుగుచుండగా అది యామె వ్రేలికి గ్రుచ్చుకొనెను. అజాగ్రత్తయని పైవారు కోపింతురను భయమున నాలుగు దినములు ఎవ్వరికిని చెప్పదయ్యెను. ఆమె నాతో చెప్పినప్పుడు వియన్నా నగరపు వృత్తాంతము నాకు జ్ఞప్తికి వచ్చినది.

1847 వ సంవత్సరమున అచ్చటి ఆచార్యుడు కొలెచ్కా శవపరీక్ష చేయించుచుండగా శిష్యుని చేతి కత్తి ఆయన వ్రేలికి తగిలెను. ఆ చిన్న గాయముచేతనే ఆయన మార్చి నెలలో మరణించెను. ఆయన మిత్రుడగు సెమ్మెల్‌వైస్ ప్రసూతి వైద్యుడు. మిత్రుని శవపరీక్షా పత్రమును చదివి అతడు నివ్వెరపోయెను. సూతికాజ్వరముచే మరణించు బాలింతలయందు కనబడు చిహ్నములే అందును గలవు! శవములను తాకిన చేతులతో వైద్యులే ఆ విషమును బాలింతలకు చేర్చుచున్నారని గ్రహించి, మే నెలలో క్లోరిన్ కలిపిన నీట చేతులు కడుగుకొనవలెనని నియమించెను. ఏప్రిలునందు నూటికి సుమారు 18 గా నుండిన మరణములు జూనునాటికి సుమారు 2 కు దిగెను.

బాలింతలను కాపాడు పాఠమును లోకము క్రమముగా నేర్చినది. పనిచేయువాని వ్రేలు చెప్పిన పాఠమును మాత్రము 'అజాగ్రత్త' యను ఒక్కమాటతో చిరకాలము త్రోసివేసినది. 1984 లో, సూది గ్రుచ్చుకొని ఒక నర్సుకు ఎయిడ్సు క్రిమి సోకినదని లాన్సెట్ పత్రికలో ప్రకటితమైనది. అటుపై భయము పుట్టినది; భయమునుండి విచారణ పుట్టినది. 2000 లో అమెరికా చేసిన చట్టము, వాడిన పిదప మొన కప్పబడునట్టి సూదులవంటి సురక్షిత సాధనములను పరిశీలించి సమకూర్చు భారమును యజమానులపై నుంచి, వానిని ఎన్నుటలో పనివారి యభిప్రాయము నడుగవలెనని విధించెను. మనిషిని నిందించుటకంటె పనిముట్టును మార్చుట మేలని దీని సారము.

మన దేశమున 2016 నాటి నియమములు, వాడిన సూదులను మొన దూరని పెట్టెలోనే వేయవలెననియు, సిబ్బందికి హెపటైటిస్ బి టీకా వేయింపవలెననియు శాసించినవి. ఆ టీకాను 1997 లోనే మన హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ వెలువరించినది. టీకా లేనివారికి ఆ రోగిసూది గ్రుచ్చుకొనినచో నూటికి 30 మందివరకు వ్యాధి సోకవచ్చును. ఎయిడ్సు క్రిమి వేయింటికి సుమారు ముగ్గురికి సోకును.

ఆ క్రిమిని అడ్డగించు మందును గంటలలోనే మొదలిడవలెను. 72 గంటలు దాటిన పిదప సాధారణముగా నీయరు. నా శిష్యురాలు ఆ అవకాశమును పోగొట్టుకొనెను. పరీక్షలలో దోషము కనబడలేదు గాని, ఆ ఫలితములు తేలువరకు ఆమె కంటికి కునుకు లేదు.

పెద్దలారా! మీ యిండ్లనుండియు బిడ్డలు నర్సులుగా, పారిశుద్ధ్యపు పనివారుగా పోవుచున్నారు. వాడిన సూదికి మరల మూత తొడుగవలదని వారికి చెప్పుడు. గ్రుచ్చుకొనినచో సబ్బుతో కడిగి, ఆ గంటలోనే పైవారికి తెలుపుమనుడు. మధుమేహమునకై ఇంట వాడు సూదులను చెత్తకుప్పలో వేయక గట్టి డబ్బాలో మూసి యుంచుడు. గాయమును దాపించునది భయము. తప్పొప్పుల విచారణ తరువాత. ముందు ఆ భయమును పోగొట్టుట పెద్దల ధర్మము.